ఒత్తియూరు బుల్లెట్టుకు ఎఫ్సీ వస్తుందా?



తండయారుపేట నుంచి ఎన్నూరు దాకా మనవాళ్ల ఇళ్లల్లో మెట్ల కింద గోనెపట్ట కప్పి పెట్టిన పాత బుల్లెట్లు ఇంకా ఉన్నాయి. నాయన తోలిన బండో, తాత తోలిన బండో. దాన్ని ఏం చెయ్యాలని మమ్మల్ని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ముందు అడిగేది "ఎఫ్సీ వస్తుందా?" అని. తర్వాత మెల్లగా "వచ్చినా నమ్మి తోలొచ్చునా?" అని. ఈ రెండూ ఒకటే ప్రశ్న అనుకుంటారు. కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ఆ బండి మన ఊరికి ఎట్లా వచ్చిందో తెలియాలి, అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తున్నాము.

1955 ఉత్తర మద్రాసుకు పెద్ద సంవత్సరం. ఆ అక్టోబరు 2న పెరంబూరులో నెహ్రూ గారు ఐ.సి.ఎఫ్. రైలుపెట్టెల ఫ్యాక్టరీని ప్రారంభించారు. రైల్వేవాళ్లం గనుక మాకు ఆ తేదీ ముందు గుర్తొస్తుంది. అదే సంవత్సరం ఇంగ్లండులో రెడ్డిచ్ అనే ఊరి రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, ఇక్కడి మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా అని పెట్టాయి. చోటు తిరువొత్తియూరు. త్యాగరాజస్వామి వచ్చి త్రిపురసుందరి అమ్మవారి మీద అయిదు కృతులు చెప్పిన ఊరు. మన పెద్దవాళ్లకు ఒత్తియూరు అంటే అమ్మవారే. వాళ్ల పిల్లలకు ఒత్తియూరు అంటే బుల్లెట్టు ఫ్యాక్టరీ.

బుల్లెట్టు ఇక్కడికి రావడానికి కారణం సైన్యం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సరిహద్దు కాపలాకు గట్టి బండి కావలసి వచ్చింది. 350 సీసీ బుల్లెట్టును ఎంచుకొని వందల లెక్కన ఆర్డరిచ్చారు. అంత దూరం నుంచి ఓడలో తెప్పించడం కంటే ఇక్కడే చేస్తే మేలని ఫ్యాక్టరీ వచ్చింది. మొదట విడిభాగాలు పెట్టెల్లో వస్తే ఇక్కడ బిగించేవాళ్లు. 1957లో భాగాలు చేసే పనిముట్లు కూడా వచ్చాయి. 1962 నాటికి బండి మొత్తం ఇక్కడి తయారీ అయింది. రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. ఇంకో మూడు నాలుగేళ్లకు ఇంగ్లండులో ఆ కంపెనీయే లేకుండా పోయింది. ఒత్తియూరులో మాత్రం పని ఆగలేదు. 1977లో ఇక్కడి నుంచి ఇంగ్లండుకే బండ్లు ఎగుమతి మొదలైంది. నేర్పినవాళ్లకే మనం చేసి అమ్మాము!

ఇందులో అసలు సంగతి ఏమంటే, ఆ బండిని దాదాపు మార్చకుండా చేశారు. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, పోత ఇనుము సిలిండరు, నాలుగు గేర్లు, కుడికాలి కింద గేరు, ఎడమకాలి కింద బ్రేకు. ఆరు వోల్టులు పోయి పన్నెండు వోల్టులు వచ్చాయి, కార్బొరేటరు మారింది, ఇంకా చిన్నచిన్న మార్పులు వచ్చాయి. అయినా ఆ ఇంజను సుమారు 2010 దాకా నడిచింది. అందుకే తాత బండికి కావలసిన భాగం మనవడి కాలంలో కూడా దొరికింది.

బుల్లెట్టు చెడిపోదు అనేవాళ్లను మేము నమ్మము. చెడిపోతుంది, తరచుగా చెడిపోతుంది. పాయింట్లు కాలుతాయి, కండెన్సరు పోతుంది, క్లచ్ కేబులు తెగుతుంది, ట్యాపెట్ శబ్దం మొదలవుతుంది. నూనె కారడం సంగతి అందరికీ తెలిసిందే. కారడం ఆగిపోతే లోపల నూనె అయిపోయిందని వేళాకోళం చేసేవాళ్లు. కానీ చెడితే ఏం చెడిందో కంటికి కనబడుతుంది, చెవికి వినబడుతుంది. ఒక స్క్రూడ్రైవరు, రెండు స్పానర్లు, చిన్న ఉప్పుకాగితం ముక్క ఉంటే దారిలోనే సరిచేసుకొని ఇంటికి రావచ్చు. ఆ బండి మీద జనానికి ఉన్న నమ్మకం అక్కడి నుంచి వచ్చిందని మా అభిప్రాయం.

ఇప్పుడు తనిఖీకి వద్దాం. మద్రాసులో అందరం ఎఫ్సీ అంటాము గానీ, చట్టం ప్రకారం ఎఫ్సీ లారీకి, బస్సుకు, ఆటోకు. సొంత మోటారుసైకిలుకు ఉండేది రిజిస్ట్రేషన్ రెన్యూవల్. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమలుకు వచ్చింది. దాని ప్రకారం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత అయిదేళ్లకు ఒకసారి ఫారం 25 పెట్టి బండిని చూపించాలి.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసేది ఏమిటి? ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు, లైట్లు, హారను, బ్రేకులు, టైర్లు, అద్దాలు, సైలెన్సరు. పాయింట్లు, క్లచ్ కేబులు, బిగ్ ఎండ్ ఇందులో లేవు. అంటే దారిలో నిలబెట్టేవి ఆయన చూడడు. ఆయన చూసేవి చాలావరకు బండిని దారిలో నిలబెట్టవు, కానీ మనిషిని పడెయ్యగలవు. ముందు డ్రమ్ము బ్రేకు అరిగినా బండి హాయిగా పోతూనే ఉంటుంది, ఆపవలసి వచ్చినప్పుడే తెలుస్తుంది. అందుకని ఈ తనిఖీని దండగ అనడం మాకు నచ్చదు. అలాగని అందులో నెగ్గిన బండి తిరుపతి దాకా పోయి వస్తుందనీ కాదు.

రైల్వేలో ఈ తేడా బాగా తెలుస్తుంది. పెట్టె చివర గోడ చూడండి. ఏ వర్క్‌షాపులో పి.ఓ.హెచ్. అయింది, మళ్లీ ఎప్పుడు రావాలి అని పెయింటుతో రాసి ఉంటుంది. ఆ తేదీకి పెట్టె బాగా నడుస్తున్నా సరే, లోపలికి పంపి విప్పి చూస్తారు. అది కాక ప్రతి ప్రయాణానికీ చూసేవాళ్లు వేరే ఉంటారు. బండికి అయిదేళ్లకొకసారి వచ్చే తనిఖీ ఆ రోజు ఉన్న స్థితిని మాత్రమే చెబుతుంది. మిగతా రోజులన్నీ మన పూచీ.

ఇంగ్లండులో ఏం చేశారో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. అక్కడ రోడ్డు తనిఖీ 1960లో మొదలైంది, అప్పట్లో పదేళ్లు దాటిన బండ్లకు. 1967కల్లా మూడేళ్లు దాటిన బండ్లకే తప్పనిసరి చేశారు, అదీ ఏటేటా. అంత కఠినంగా ఉన్నవాళ్లు 2018 మే నుంచి 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చెయ్యని బండికి తనిఖీయే అక్కరలేదన్నారు. బండిని రోడ్డుకు తగినట్టు ఉంచుకొనే బాధ్యత మాత్రం సొంతదారుదే. కాబట్టి 1977లో ఒత్తియూరు నుంచి ఓడెక్కిన బుల్లెట్టుకు అక్కడ తనిఖీ లేదు. అదే వారం అదే షెడ్డులోంచి తండయారుపేటకు వచ్చిన దాని తోడబుట్టినదాన్ని ఇక్కడ అయిదేళ్లకొకసారి చూపించాలి.

మా సంగతి అడిగితే, ఇక్కడ ఉన్నదే మేలంటాము. అక్కడివాళ్లు అలాంటి బండిని ఆదివారం ఎండ కాస్తే తీస్తారు. మనవాళ్లు దాని మీద భార్యను, ఇద్దరు పిల్లలను ఎక్కించుకొని పెళ్లికి పోతారు.

కష్టం అంతా వేరే చోట ఉంది. ఒకటి డబ్బు. రెన్యూవల్ రుసుము 300 ఉండేది 2022 ఏప్రిల్ 1 నుంచి వెయ్యి అయింది, ఇరవై ఏళ్లు దాటిన బండ్లకు ఆ తర్వాత ఇంకా పెంచారు. దానికంటే ముఖ్యం, గడువు దాటితే మోటారుసైకిలుకు నెలకు 300 అదనం అని అదే ఉత్తర్వులో పెట్టారు. అయిదేళ్లు మెట్ల కింద మరిచిపోయిన బండికి లెక్క వెయ్యండి: 18,000. ఈ లెక్క విన్నాక చాలామంది పాత ఇనుము కొట్టుకు ఫోను చేస్తారు. గడువు మీరక ముందే చూసుకోమని మేము మొత్తుకొనేది ఇందుకే.

రెండోది కాగితం. బండి బాగున్నా కాగితం మీద తప్పిపోయేవే ఎక్కువ. నాయన పోయి పదేళ్లయినా ఆర్సీ ఆయన పేరు మీదే ఉంటుంది. వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31 ఉంది. అన్నదమ్ములందరూ సంతకం పెట్టాలంటే అక్కడ మొదలవుతుంది కథ. పాత మద్రాసు నెంబర్ల బండ్లకు చేతిరాత పుస్తకమే ఉంటుంది, కంప్యూటర్లో వివరం ఉండదు. ముందు దాన్ని ఎక్కించమని అడగాలి. సైన్యం వేలంలో కొన్న బండ్లలో ఇంజను ఒకదానిది, ఛాసిస్ ఒకదానిది ఉంటుంది. పెట్రోలు ఖరీదు తట్టుకోలేక డీజిల్ ఇంజను బిగించినవాళ్లూ ఉన్నారు. ఆర్సీలో మాత్రం పెట్రోలు అనే ఉంటుంది. ఇవి పాయింట్లలాగ ఉప్పుకాగితంతో పోయే జబ్బులు కావు.

పొగ సంగతి ఒక్క మాట. చాలా నెలలు నిలబడిన బుల్లెట్టులో నూనె పంపు దాటి మెల్లగా క్రాంక్‌కేసులోకి దిగిపోతుంది. స్టార్టు చెయ్యగానే వీధంతా నీలం పొగ. ఇంజను పోయిందని భయపడి బోరు చేయించకండి. దిగిన నూనెను తీసి, సరైన కొలత పోసి, ఇరవై నిమిషాలు తోలి, ఆ తర్వాత పొగ పరీక్షకు పొండి. 2000కు ముందు బండ్లకు కార్బన్ మోనాక్సైడు 4.5 శాతం దాకా ఒప్పుకుంటారు. ఐడిలింగ్ స్క్రూ సరిగ్గా ఉన్న బుల్లెట్టుకు అది కష్టమేమీ కాదు.

50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ అని రాయించుకోవచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. 2021లో ఆ నిబంధన వచ్చింది నిజమే. కొత్తగా రాయిస్తే వి.ఎ. అక్షరాలతో నెంబరు, రుసుము 20,000, పదేళ్లు చెల్లుబాటు. ఇదివరకే నెంబరు ఉంటే అదే ఉంచుకోవచ్చు. కానీ అలా రాయించిన బండిని రోజువారీ పనికి తోలకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, రిపేరుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే. నాయన దాని మీద డ్యూటీకి పోయాడు, మీరు కూరగాయలకు పోవాలంటే ఫారం 25 దారే మీది.

పాత ఆర్సీ బుక్కులో చేతిరాత అర్థం కాకపోతే ఆదివారం సంఘానికి పట్టుకురండి. ముప్ఫయ్యేళ్లు రైల్వే రిజిస్టర్లు చదివినవాళ్లం, ఎంత గజిబిజి రాతైనా చదివి పెడతాము.