సెకండ్ హ్యాండ్ టూరింగ్ బైక్ కొంటున్నారా? ఓనర్ చెప్పే ధర కరెక్టో కాదో ఇలా లెక్కేయండి..

లాంగ్ రైడ్స్‌కు వెళ్లాలనే ఆశ ఉన్నా కొత్త బైక్ కొనే బడ్జెట్ లేనివాళ్లు ఎక్కువగా చూసేది సెకండ్ హ్యాండ్‌నే. అయితే ఓనర్ చెప్పే ధర చాలాసార్లు బైక్ విలువ కాదు.. దానిపై ఆయన పెట్టిన ఖర్చు. ఆ తేడా తెలియకపోతే వేలల్లో నష్టపోవాల్సిందే.

ముందు ఐడీవీ చూడండి

ఇన్సూరెన్స్ కంపెనీలు బైక్ విలువను ఐడీవీ పేరుతో లెక్కిస్తాయి. ఆధారం ఆ మోడల్ ప్రస్తుత కంపెనీ ధరే. ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగేళ్లు దాటితే 50 శాతం తగ్గిస్తారు. ఐదేళ్లు దాటితే పాలసీదారు, కంపెనీ మాట్లాడుకుని నిర్ణయిస్తారు.

ఉదాహరణకు కొత్త బైక్ ధర రూ.2.20 లక్షలు అనుకుందాం. మూడేళ్ల నాలుగు నెలల బైక్ అయితే 40 శాతం పోగా రూ.1.32 లక్షలు. టైర్లు, చైన్ సెట్ మార్చడానికి రూ.16 వేలు అవుతుందని మెకానిక్ చెబితే మిగిలేది రూ.1.16 లక్షలు. బేరం ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి. డిమాండ్ ఉన్న మోడల్‌కు ఇంతకంటే ఎక్కువే అడుగుతారు. ఆ ఎక్కువకు తగ్గ సర్వీస్ రికార్డు చూపించమనండి.

పాత బిల్లు చూసి మోసపోవద్దు

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బైక్‌లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 సీసీ దాటిన వాటిపై 40 శాతానికి పెరిగింది. కాబట్టి 350 సీసీ బైక్‌కు అంతకుముందు బిల్లు చూపించి ధర చెబితే ఒప్పుకోవద్దు.

ఏ ఏడాది మోడల్?

ఒకే పేరున్న బైక్ అయినా ఏడాదిని బట్టి విలువ మారుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411నే తీసుకుంటే.. 2016లో వచ్చిన తొలి మోడల్‌కు కార్బ్యురేటర్ ఉంది, ఏబీఎస్ లేదు. 2017లో ఫ్యూయల్ ఇంజెక్షన్, 2018లో ఏబీఎస్, 2020లో బీఎస్-6 ఇంజిన్ వచ్చాయి. 2023లో హిమాలయన్ 450 రావడంతో 411 పాత తరం బండి అయిపోయింది.

బైక్ దగ్గర ఏం చూడాలి?

మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ వేడిగా ఉంటే ఆలోచించాల్సిందే. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి. మధ్యలో పట్టేసినట్టు అనిపిస్తే బేరింగ్ పోయినట్టే. ముందు ఫోర్క్‌పై ఆయిల్ తడి, వదులైన స్పోక్స్, హ్యాండిల్ చివర గీతలు కూడా చూడండి. టైర్‌పై 2321 అని ఉంటే అది 2021లో 23వ వారం తయారైందని అర్థం. ఇవన్నీ ఇంటి దగ్గర చిన్న లోపాలే, అరకు ఘాట్‌లో రాత్రిపూట ప్రాణాల మీదకు తెస్తాయి.

కిలోమీటర్లు తక్కువ ఉన్నంత మాత్రాన మంచి బండి కాదు. టైమ్‌కు సర్వీస్ చేయించి 40 వేలు తిరిగిన బైక్, మూలన పడి ఉన్న 10 వేల బైక్ కంటే నయం కావచ్చు. సైడ్ బాక్సులు, ఫాగ్ లైట్లకు ఓనర్ పెట్టిన మొత్తం మీరు ఇవ్వక్కర్లేదు. మీకు పనికొస్తేనే, అదీ సగానికి మించకుండా కలపండి.

పేపర్లు చూశాకే అడ్వాన్స్

ఆర్‌సీలో లోన్ ఉంటే బ్యాంక్ ఎన్‌ఓసీ, ఫారం 35 తప్పనిసరి. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28తో ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కూడా కట్టాలి. ఆ ఖర్చు ధరలోంచి తీసేయండి. పెండింగ్ చలాన్లూ అంతే. ఫారం 29, 30పై సంతకాలు చేయించుకుని ఓనర్‌షిప్ వెంటనే మార్పించుకోండి. ఇది అమ్మేవాళ్లకూ ముఖ్యమే. ఆర్‌సీలో పేరు ఎవరిదో యాక్సిడెంట్ పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.