కాలవగట్టు మీద సైకిలు

సైకిలెక్కి ఊరికే తిరిగి రావడానికి వెళ్ళేవాళ్ళుంటారంటే మనవాళ్ళు ముందు నవ్వుతారు. ఆ తరవాత, "ఏం, బస్సు చార్జీలకు డబ్బుల్లేవా?" అని అడుగుతారు. మన దగ్గర సైకిలు పనికోసం ఉన్న వస్తువు. పాలు పోయాలి, ఉత్తరాలు పంచాలి, బడికి పోవాలి, మంగళగిరి చీరల మూట కెరీరుకు కట్టుకుని ఊరూరా అమ్మాలి. పనేమీ లేకుండా, జనం తక్కువగా తిరిగే దారి వెతుక్కుని, కొండలెక్కుతూ దిగుతూ రోజుల తరబడి పోవడాన్ని మాత్రం ఫ్రాన్సు దేశం వాళ్ళు ఒక కళగా పెంచుకున్నారు.

ఆ కళకు పితామహుడనదగ్గవాడు పాల్ ద వివీ అనే పెద్దమనిషి. 1853లో పుట్టాడు. మొదట పట్టు వ్యాపారం చేశాడు. సైకిలు పిచ్చి ముదిరాక 1887లో దానికోసం ఒక పత్రికే పెట్టి, వెలోసియో అన్న కలం పేరుతో రాశాడు. కొండదారుల్లో సుఖంగా తొక్కాలంటే సైకిలుకు గేర్లుండాలని ఆయన వాదం. పందేలు నడిపే పెద్దలకు అది నచ్చలేదు. గేర్లు ముసలివాళ్ళకేనన్నారు. తూర్ ద ఫ్రాన్స్ పందెంలో 1937 దాకా వాటిని రానివ్వనే లేదు. ఈలోగా 1902లో మార్త్ ఎస్ అనే ఆవిడ గేర్ల సైకిలు మీద కొండదారిలో పోటీచేసి, గేర్లు లేకుండా తొక్కిన మగ చాంపియన్ని ఓడించి కూర్చుంది! అయినా పెద్దల అభిప్రాయం మారడానికి ఇంకో ముప్ఫై అయిదేళ్ళు పట్టింది. ఇలాంటి విషయాల్లో దేశమేదైనా ఒకటే.

ఆ మాటకొస్తే ఆ దేశపు ఆడవాళ్ళకు దారి ఏమీ పరిచి ఉంచలేదు. ఆడది అనుమతి లేకుండా ప్యాంటు తొడగకూడదని 1800లో పారిస్ పోలీసులు ఉత్తర్వు వేశారు. 1892లోనూ, 1909లోనూ దాన్ని కాస్త సడలించారు. ఎలాగనుకున్నారు? చేతిలో గుర్రం కళ్ళెమో సైకిలు హ్యాండిలో ఉంటే ప్యాంటు తొడుక్కోవచ్చట! సైకిలు దిగి నాలుగడుగులు వేస్తే మళ్ళీ నేరమే కాబోలు. ఆ ఉత్తర్వుకు ఇక విలువ లేదని అక్కడి మంత్రిగారు 2013లోగాని చెప్పలేదు. మనకు అలాంటి చట్టాలేవీ లేవు. అరుగు మీద కూర్చున్నవాళ్ళ నోళ్ళే చాలాకాలం ఆ పని చూసుకున్నాయి.

ఇక మన సంగతి. కృష్ణ ఒడ్డున కొండలు బెజవాడతో ఆగిపోతాయి. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ. ఆ రెండింటి మధ్యనుంచి బయటపడ్డాక సముద్రం దాకా నేల అరచెయ్యిలా చదును. వెలోసియో గారి గేర్లతో మనకు పని లేదు. మనకు కొండ అంటే ఎదురుగాలే. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రం మీదినుంచి గాలి మొదలవుతుంది చూడండి, అప్పుడు బందరు వైపు తొక్కేవాడికి తెలుస్తుంది కొండెక్కడమంటే ఏమిటో. అదే గాలి తిరుగు ప్రయాణంలో వీపు మీద చెయ్యి వేసి తోసుకొస్తుంది. మరి జనసందడి లేని దారులో? అవి మనకెవరూ ప్రత్యేకంగా వెయ్యలేదు. కాలవలు తవ్వినప్పుడు వాటంతట అవే వచ్చాయి.

ఆ కథ కరువుతో మొదలవుతుంది. 1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. పక్కనే కృష్ణ పారుతూ ఉంది, ఊళ్ళలో మనుషులు తిండి లేక చచ్చిపోతున్నారు. ఆ తరవాత రెండు దశాబ్దాలకుగాని ఆనకట్ట రాలేదు. గోదావరి మీద కట్టిన కాటన్ దొర చొరవతో, కెప్టెన్ ఛార్లెస్ ఆర్ చేతిమీదుగా, బెజవాడలో ఆ రెండు కొండల నడుమ 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. 1952లో దానికి గండి పడ్డాక, 1957 నాటికి ఇప్పటి ప్రకాశం బ్యారేజీ కట్టారు. కాటన్ దొరకు రైలు కన్నా పడవ మీద గురి ఎక్కువ. అందుకని కాలవలను పొలాలకు నీళ్ళివ్వడానికే కాక పడవలు నడవడానికి కూడా పనికొచ్చేట్టు తవ్వించారు. తవ్విన మట్టి అటూ ఇటూ పోస్తే గట్టు అయింది. బెజవాడ ఊరి మధ్యగా పోయే బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ ఆ కుటుంబంలోవే. అవతలి ఒడ్డున కొమ్మమూరు కాలవ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవతో కలుస్తుంది. ఇటు ఏలూరు కాలవ గోదావరి కాలవలతో కలుస్తుంది. అంటే ఒకప్పుడు కాకినాడలో పడవెక్కితే చెన్నపట్నం దాటి పోవచ్చన్నమాట.

గాలి ఉంటే పడవకు తెరచాప. గాలి లేకపోతే మనుషులే. పడవకు పొడుగాటి తాడు కట్టి, దాన్ని భుజానికి వేసుకుని, గట్టు మీద వంగి నడుస్తూ లాగేవారు. ఈనాడు మనం దారి అనుకునేది ఆ మనుషుల పాదాల కింద గట్టిపడ్డ మట్టి. నీటిమట్టం మారే చోటల్లా లాకులుండేవి. పడవ లోపలికి రాగానే ఒక వైపు తలుపులు మూసి, నీళ్ళు నింపో, వదిలో, రెండోవైపు తలుపులు తెరిచేవారు. అదంతా అయ్యేదాకా పడవలోవాళ్ళు దిగి వంట చేసుకునేవారు. లాకు పక్కన సిబ్బంది ఇళ్ళు, ఒక బడ్డీకొట్టు, నాలుగు చెట్లు. మధ్యలో గట్టు చూసుకునే లస్కర్లు, చాకిరేవులు, బల్లకట్టు నడిపేవాళ్ళు. రాత్రి పడవెక్కి నిద్రపోతే తెల్లవారేసరికి చుట్టాలింటి రేవు. ఆ గట్టు మీద మోటార్ల రొద లేదు. అలాగని మనుషులు లేకపోవడమూ లేదు. ఈ మాట కొంచెం గుర్తుంచుకోండి, దీంతో మళ్ళీ పనుంది.

బెజవాడ నుంచి బందరు డెబ్భై కిలోమీటర్లకు అటూఇటూ. తాపీగా తొక్కేవాళ్ళకు ఒక పగటి దారి. కాస్త పక్కకు తిరగడానికి ఓపికుంటే ఆ నేలలో చరిత్ర దగ్గర దగ్గరగా నాటిన వరినారులా ఉంటుంది. నాట్యానికి కూచిపూడి. దానికి కూతవేటు దూరంలో మొవ్వ, క్షేత్రయ్య కొలిచిన గోపాలుడి ఊరు. ఆ పక్కనే జాతీయ జెండా రూపుదిద్దిన పింగళి వెంకయ్య గారు పుట్టిన భట్లపెనుమర్రు. ఇంకాస్త పోతే ఘంటసాల. బౌద్ధస్తూపం ఉన్న ఈ ఊరికి ఒకప్పుడు సముద్ర వ్యాపారం ఉండేది. చివరికి బందరు. అక్కడ డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళతోపాటు ఫ్రెంచివాళ్ళూ కోఠీ పెట్టుకున్నారు. వాళ్ళ పేరు మీద ఫ్రెంచిపేట ఈనాటికీ ఉంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, 1947 అక్టోబరులోగాని ఆ కాస్త జాగా మన చేతికి రాలేదు. ఫ్రాన్సు వెళ్ళి సైకిలు తొక్కలేనివాళ్ళు ఫ్రెంచిపేట దాకా తొక్కి తృప్తిపడొచ్చు.

గట్టు మీదికి సైకిలు వచ్చిన కొత్తలో అది దొరల వస్తువు. ర్యాలీ, హంబర్, బి.ఎస్.ఏ. అన్నీ సీమ సరుకే. స్వాతంత్ర్యం వచ్చాక చెన్నపట్నం దగ్గర అంబత్తూరులోనూ, ఉత్తరాదిన సోనీపట్‌లోనూ, లూథియానాలోనూ తయారీ మొదలై ధరలు మధ్యతరగతికి అందాయి. నిమ్మకూరు నుంచి వచ్చిన నందమూరి తారకరామారావు గారు చదువుకునే రోజుల్లో బెజవాడ హోటళ్ళకు సైకిలు మీద పాలు పోశారని చెబుతారు. 1982లో ఆయన పెట్టిన పార్టీకి సైకిలే గుర్తయింది. ఆ గుర్తుకు ఓటేసిన ఆడవాళ్ళలో సైకిలు తొక్కడం వచ్చినవాళ్ళు ఎందరుండి ఉంటారు? మనవాళ్ళ స్థానం వెనక కెరీరు మీద, ఒక పక్కకు తిరిగి, ఒళ్ళో పిల్లాణ్ణి పెట్టుకుని. అలా కూర్చున్నవాళ్ళకు దారి సగమే కనిపిస్తుంది. ముందు వీపు అడ్డం. వెళ్ళేటప్పుడు కాలవ వైపు కూర్చుంటే నీళ్ళు, వచ్చేటప్పుడు పొలాలు. మా అమ్మమ్మ తరం వాళ్ళు డెల్టా అంతా తిరిగారు, కాని రెండువైపులా ఒకేసారి చూడలేదు.

తరవాత లేడీస్ సైకిళ్ళు వచ్చాయి. మధ్య కడ్డీ తీసేసి, వెనక చక్రానికి వల కట్టిన సైకిలు. సీమలో గౌన్ల కోసం చేసింది మన ఓణీలకూ సరిపోయింది. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1991-92లో అక్షరాస్యత ఉద్యమంతోపాటు సైకిలూ నేర్పారు. షీలా రాణి చుంకత్ గారు కలెక్టరుగా ఉండగా వేలాది పల్లెటూరి స్త్రీలు సైకిళ్ళెక్కారు. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్ళు పంచింది. ఇవన్నీ మంచి పనులే. కాని గమనించారా, పథకం పేరులోనే ఉంది, సైకిలు బడికి రావడానికి! ఆడపిల్ల చేతిలో సైకిలు పెట్టినప్పుడు ఎక్కడికి పోవాలో కూడా చెప్పి పెట్టాం. ట్యూషనుకు, బడికి, కొట్టుకు. ఊరికే పోయి రావడానికి మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

మా చిన్నతనంలో నలుగురైదుగురం ఆడపిల్లలం జట్టుగా సైకిళ్ళ మీద ట్యూషనుకు పోయేవాళ్ళం. లారీలు తిరిగే రోడ్డున పోతే ఇంట్లో ఎవరూ ఏమీ అనేవారు కాదు. కాలవగట్టు మాటెత్తితే మాత్రం, "అటు పోకండే, ఎవరూ ఉండరు" అనేవారు. ఫ్రాన్సులో సైకిలు దారులను పొగడడానికి వాడే మాట కూడా అదే. ఎవరూ ఉండరు, హాయిగా ఉంటుంది. అక్కడ మెప్పయిన మాట ఇక్కడ హెచ్చరిక. అమ్మల భయంలో అబద్ధమేమీ లేదు, నాకూ ఒక కూతురుంటే అదే అంటానేమో. కాని ఆ భయం గట్టుతోపాటు పుట్టింది కాదనుకుంటాను. స్వాతంత్ర్యం వచ్చిన రెండు మూడు దశాబ్దాల్లో బస్సులూ లారీలూ పడవల పని లాగేసుకున్నాయి. పడవలు పోతే లాకులకు పని పోయింది. లాకులకు పని పోతే ఆ పక్కన ఇళ్ళు పాడుబడ్డాయి. గట్టు మీద నిశ్శబ్దం మిగిలింది, మనుషులు పోయారు. నిశ్శబ్దం వేరు, నిర్మానుష్యం వేరు. మొదటిది విహారానికి పిలుస్తుంది, రెండోది ఆడదాన్ని ఇంటికి తరుముతుంది.

ఫ్రాన్సులోనూ పడవల రోజులు పోయాయి. 1666 నుంచి 1681 వరకు తవ్విన మిది కాలవ మీద సరుకు పడవలు ఆగిపోయి చాలాకాలమైంది. కాని పడవలు లాగిన గట్లను వాళ్ళు నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ వదిలారు. ఆ కాలవ 1996లో ప్రపంచ వారసత్వ సంపద అయింది. లాకుల పక్క ఇళ్ళలో కొన్నింటిలో టీ ఇచ్చేవాళ్ళున్నారు, పంక్చరు వేసుకోవడానికి నీడ ఉంది. మన ఏలూరు కాలవ, కొమ్మమూరు కాలవ 2008లో జాతీయ జలమార్గం 4లో భాగమయ్యాయి. పడవల సంగతి పెద్దలు చూసుకుంటారు. గట్టు సంగతి కూడా ఒకసారి చూడమని అడగవలసింది మనం. తారు అక్కర్లేదు, పెద్ద ఖర్చూ అక్కర్లేదు. చెత్త పొయ్యకుండా, చెట్లు కొట్టకుండా, లాకు లాకుకూ ఒక దీపం, దాని పక్కన తలుపు తీసి ఉన్న ఒక ఇల్లు ఉంటే చాలు. పుస్తకాల సంచీ లేకుండా, కూరల బుట్ట లేకుండా మన పిల్ల ఒక ఆదివారం పొద్దున్నే సైకిలు బయటికి తీసినప్పుడు, "ఎక్కడికే?" అన్న ప్రశ్నకు "ఎక్కడికీ కాదమ్మా, అలా గట్టు మీదికి" అని చెప్పగలగాలి. ఆ జవాబు విని మనమూ మన పనిలోకి వెళ్ళిపోగలగాలి.