ప్రమాణం – ప్రశ్నావళి: విద్యార్థి ఆరోగ్య సర్వేల చరిత్ర, ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
చిత్తూరు జిల్లా ఐరాల మండలంలో, బాహుదా నది ఒడ్డున వెలసిన కాణిపాకం వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణాలకు ప్రసిద్ధుడు. కోనేట మునిగి స్వామి ఎదుట చేసిన ప్రమాణం తప్పరాదని ఈ ప్రాంత ప్రజల విశ్వాసం. మద్యం మానుతామని ఇక్కడ ఒట్టు పెట్టుకునేవారూ ఉన్నారు. ఈ సంప్రదాయంలో సత్యానికి హామీ మనిషి పేరు, నలుగురి సాక్ష్యం. ఆధునిక విద్యార్థి సర్వేలో మాత్రం సత్యానికి హామీ పేరు లేకపోవడమే. ఈ రెండో పద్ధతి మన పాఠశాలల్లోకి ఎలా వచ్చిందో, ఏం తెలియజెప్పిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వైద్యపరీక్ష నుంచి ప్రశ్న దాకా:
మన దేశంలో విద్యార్థుల వైద్యపరీక్షలు 1909లో బరోడా నగరంలో ఆరంభమయ్యాయి. పాఠశాల ఆరోగ్యసేవలు దాదాపు లేవని 1946లో భోర్ కమిటీ పేర్కొన్నది. 1960లో రేణుకా రే అధ్యక్షతన పాఠశాల ఆరోగ్య కమిటీ ఏర్పడింది. ఈ దశలో బాలుడు పరీక్షకు లోనయ్యేవాడే గాని సమాధానం చెప్పేవాడు కాడు. కంటిచూపు, పళ్ళు, బరువు వైద్యునికి కనిపిస్తాయి. దాచుకున్న బీడీ, పరీక్షల భయం కనిపించవు. ఆ లోటును పూరించే ప్రయత్నంగా అమెరికాలో 1991 నుంచి యువత ప్రమాదకర ప్రవర్తనలపై జాతీయ సర్వేలు సాగుతున్నాయి. భారతదేశంలో ప్రపంచ యువత పొగాకు సర్వే 2003, 2006, 2009, 2019లలో జరిగింది. విద్యార్థులు పేరు రాయకుండా జవాబులు గుర్తించడం దీని పద్ధతి.

సర్వేలు చూపినవి:
13–15 ఏళ్ళ విద్యార్థుల్లో పొగాకు వాడేవారు 2009లో 14.6 శాతం కాగా, 2019లో 8.5 శాతం. ఈ తగ్గుదల కంటే ఆలోచింపజేసే అంశం మరొకటి ఉంది. అలవాటు మొదలైన మధ్యస్థ వయసు సిగరెట్టుకు 11.5, బీడీకి 10.5, నమిలే పొగాకు వంటి పొగరాని రకాలకు 9.9 ఏళ్ళు. అంటే ఉన్నత పాఠశాలలో చేసే హితబోధ చాలామందికి ఆలస్యంగా అందుతున్నట్టే. నివారణ ప్రాథమిక పాఠశాలలోనే మొదలుకావాలి.

2022లో ఎన్‌సీఈఆర్‌టీ సుమారు 3.79 లక్షల విద్యార్థులతో మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. పేరు రాయడం ఐచ్ఛికం. చదువు, పరీక్షలు, ఫలితాలే తమ ఆందోళనకు కారణమని 81 శాతం మంది తెలిపారు. ఈ మాట ప్రగతి పత్రంలో దొరికేది కాదు.

ముగింపు:
పొగాకు సర్వే అంచనాలు దేశ, రాష్ట్ర స్థాయిలకే వర్తిస్తాయి. కాణిపాకం వంటి ఊరి బడి తన ముఖాన్ని వాటిలో చూసుకోలేదు. ఆ బడి తానే అడగవచ్చు. అయితే చేతిరాత గుర్తుపట్టే ఉపాధ్యాయుడే కాగితాలు సేకరిస్తే పేరు లేకపోయినా రక్షణ లేదు. అడిగిన తరువాత చర్య కూడా ఉండాలి. విద్యాసంస్థకు 100 గజాల లోపల పొగాకు అమ్మకాన్ని 2003 చట్టం నిషేధించింది. పొగాకు ఎక్కడ కొన్నారన్న ప్రశ్నకు వచ్చిన జవాబులు ఆ చట్టం అమలుకు ఆధారం కాగలవు. ప్రమాణం చేసినవాడు మాటకు కట్టుబడాలి; ప్రశ్నావళి విషయంలో ఆ బాధ్యత అడిగినవారిది.