రుజువు భారం ఎవరిది? ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ గుర్తింపు నమోదు, పౌరుల అభ్యంతరాలు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

బయోమెట్రిక్ గుర్తింపును సంక్షేమ పంపిణీకి ముందుగా ముడిపెట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అదే రాష్ట్ర శాసనసభ 2020 జూన్ 17న జాతీయ జనాభా పట్టికలోని కొత్త ప్రశ్నలకు, జాతీయ పౌర పట్టికకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఈ రెండు పరిణామాలకూ పైకి పొంతన కనిపించదు. వాటిని కలిపి చదివినప్పుడు, ఇక్కడ ఎదురైన అభ్యంతరం గుర్తింపు కార్డు మీద కాదని, తానెవరో నిరూపించుకోవలసిన భారాన్ని పౌరునిపై మోపడం మీదనేనని తెలుస్తుంది. ఈ ప్రతిపాదనను వలసపాలన నాటి పూర్వరంగం నుంచి కృష్ణా డెల్టా అనుభవం వరకు పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జాతీయ గుర్తింపు కార్డు, జాతీయ జనాభా పట్టిక, ఆధార్, పౌరసత్వం, కృష్ణా డెల్టా, శాసనసభ తీర్మానం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘గుర్తుపట్టడం’ వేరు, ‘గుర్తింపు ఇవ్వడం’ వేరు. మొదటిది ఊరు చేసే పని, రెండోది ప్రభుత్వం చేసే పని. ఆధునిక రాజ్యం మొదటిదాని స్థానంలో రెండోదాన్ని నిలబెట్టిన క్రమమే గుర్తింపు పత్రాల చరిత్ర.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పౌరసత్వం (17వ అంశం), జనగణన (69వ అంశం) కేంద్ర జాబితాలో ఉన్నాయి. కాబట్టి జాతీయ స్థాయి పట్టికను ఏ రాష్ట్రమూ తన శాసనంతో రద్దు చేయలేదు. అయితే ఆ పట్టిక కోసం ఇంటింటికీ తిరిగే ఉపాధ్యాయులు, రెవెన్యూ ఉద్యోగులు రాష్ట్రానికి చెందినవారు. బియ్యం ఇచ్చే చౌకధరల దుకాణం, పింఛను ఇచ్చే యంత్రాంగం కూడా రాష్ట్ర పర్యవేక్షణలోనివే. అందువల్ల కేంద్రం రూపొందించిన పథకంపై పౌరుని అభ్యంతరం మొదట వినిపించే చోటు రాష్ట్రమే అవుతుంది. శాసనాధికారం లేని చోట తీర్మానానికి విలువ ఎలా వచ్చిందో అర్థం చేసుకోవడానికి ఈ అంశం కీలకం.

2. పూర్వరంగం: అనుమానితుల పట్టిక

నమోదు అనేది తెలుగు ప్రాంతంలో మొదటినుంచీ రెండు రూపాల్లో ఉంది. భూమి, శిస్తు లెక్కల్లో పేరు ఉండటం హక్కుకు ఆధారం. నేరస్థ జాతుల చట్టం కింద పేరు ఉండటం అనుమానానికి ఆధారం. 1871లో వచ్చిన ఆ చట్టాన్ని సవరిస్తూ 1911లో చేసిన చట్టం మద్రాసు రాజధానికీ వర్తించింది. ‘నేరస్థ జాతి’గా ప్రకటించిన సమూహంలోని వ్యక్తుల పేర్లను నమోదు చేయడానికి, వారి వేలిముద్రలు తీసుకోవడానికి, నివాసం మారితే తెలియజేయాలని ఆదేశించడానికి అది అధికారులకు వీలు కల్పించింది. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం ఈ చట్టం నీడలోనే పుట్టింది. ఎరుకల కుటుంబాల కోసం 1913–14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన ఆ సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. అక్కడ నమోదైన వ్యక్తి నేరం చేసినట్లు ప్రభుత్వం రుజువు చేయనక్కరలేదు. పుట్టుకే రుజువు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం రద్దయింది.

దాదాపు అదే కాలంలో ఇటువంటి నమోదుకు సామూహిక ప్రతిఘటన దక్షిణాఫ్రికాలో జరిగింది. మద్రాసు రేవు నుంచి నటాల్‌కు వెళ్లిన తెలుగు, తమిళ కూలీల సంతతి కూడా అక్కడి భారతీయ సమాజంలో భాగం. ఆసియావాసులు వేలిముద్రలతో నమోదై, అడిగినప్పుడల్లా ధ్రువపత్రం చూపాలని ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం 1906లో ప్రతిపాదించింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 11న జొహన్నెస్‌బర్గ్‌లో జరిగిన సభలో దానికి లొంగబోమని భారతీయులు ప్రతిజ్ఞ చేశారు. 1908 జనవరిలో కుదిరిన రాజీ ప్రకారం గాంధీ సహా అనేకులు స్వచ్ఛందంగా నమోదయ్యారు. చట్టాన్ని ప్రభుత్వం ఉపసంహరించకపోవడంతో ఆగస్టు 16న హమీదియా మసీదు ఆవరణలో రెండు వేలకు పైగా ధ్రువపత్రాలను దహనం చేశారు. నమోదుకు స్వయంగా ముందుకు వచ్చినవారే ఆ పత్రాలను కాల్చివేయడం ఇక్కడ గమనించదగిన విషయం. వారి అభ్యంతరం కాగితానికి సంబంధించినది కాదు. ఒక జాతిని పుట్టుకతో అనుమానితులుగా నిలబెట్టే నిర్బంధానికి సంబంధించినది.

3. డెల్టా గ్రామంలో గుర్తింపు

కృష్ణా డెల్టాలో చాలాకాలం మనిషికి గుర్తింపు ఊరి సాక్ష్యమే. ఇంటిపేరు, తండ్రి పేరు, పొలం హద్దులు తెలిసిన కరణం ఆ సాక్ష్యానికి లిఖితరూపం ఇచ్చేవాడు. కరణం రాతలో పక్షపాతం, కులాధిపత్యం ఉన్నాయన్నది నిజమే. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు వ్యవస్థను రద్దు చేయడానికి ఆ విమర్శ కూడా ఒక నేపథ్యం. అయితే ఊరికి తెలిసిన మనిషిని ‘నీవెవరు?’ అని అడిగే అవసరం ఆ వ్యవస్థకు తక్కువ.

మొవ్వ మండలంలోని కూచిపూడి ఇందుకు మంచి ఉదాహరణ. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల వంటి ఇంటిపేర్లే అక్కడి కళాకుటుంబాల పరంపరను తెలియజేస్తాయి. కూచిపూడి ప్రదర్శనలో పాత్ర ప్రవేశదరువుతో తన్ను తాను పరిచయం చేసుకుంటుంది. ఆ పరిచయాన్ని సభ అంగీకరిస్తుంది. జనగణన కూడా మూలంలో ఇటువంటి స్వీయప్రకటనపైనే ఆధారపడిన ప్రక్రియ. ఇంటివారు చెప్పినదాన్ని గణకుడు రాసుకుంటాడు, పత్రం చూపమని అడగడు.

కాగితపు గుర్తింపు ఇందుకు భిన్నం. ముందుండే ఇంటిపేరును దరఖాస్తులోని చివరిపేరు గడిలో రాయవలసి రావడంతో ఒకే వ్యక్తి రెండు పత్రాల్లో రెండు పేర్లతో కనిపించడం తెలుగువారికి సాధారణ అనుభవం. స్త్రీల విషయంలో ఇది మరింత జటిలం. బడి రికార్డులో పుట్టింటి పేరు, రేషన్ కార్డులో మెట్టినింటి పేరు ఉంటాయి. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకుముందు ఇళ్లలో పుట్టినవారిలో అనేకుల పుట్టినతేదీ బడిలో చేర్చుకున్న ఉపాధ్యాయుడు వేసినదే. దీనికి ప్రకృతి విపత్తులు తోడయ్యాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది చనిపోయారు. ఇల్లే మిగలని కుటుంబాన్ని తల్లిదండ్రుల జన్మపత్రం అడిగితే ఏం చూపగలదు?

4. బియ్యం బస్తా, వేలిముద్ర

ఇంతటి సందిగ్ధత ఉన్న సమాజం ఆధార్‌ను మొదట పెద్దగా ఎదిరించలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ప్రాంతంలోనే కనుపాప ముద్రలతో రేషన్ కార్డుల ప్రయత్నం జరిగింది. 2009 జనవరిలో విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ ఏర్పడ్డాక నమోదు వేగంగా సాగింది. 2015లో చౌకధరల దుకాణాల్లో ఈపాస్ యంత్రాలు ప్రవేశపెట్టినప్పుడు కృష్ణా జిల్లా ముందు వరుసలో ఉంది.

ఈ ఆమోదానికి కారణం ఉంది. ఉపాధి హామీ కూలి, పింఛన్ల చెల్లింపుకు ప్రవేశపెట్టిన బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులపై కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ ఉమ్మడి రాష్ట్రంలోని 157 మండలాల్లో అధ్యయనం చేశారు. చెల్లింపులు వేగవంతమయ్యాయని, సొమ్ము పక్కదారి పట్టడం తగ్గిందని, లబ్ధిదారులు ఆ పద్ధతిని ఇష్టపడ్డారని 2016లో ప్రచురించిన ఆ అధ్యయనం తేల్చింది. కార్డు లేనివారికి చెల్లింపు పూర్తిగా ఆపకపోవడం అక్కడి ముఖ్యాంశం. ఇదే పరిశోధకులు ఝార్ఖండ్ రేషన్ వ్యవస్థను పరిశీలించినప్పుడు, ఆధార్‌ను తప్పనిసరి చేయడం వల్ల అర్హులు కొందరు నష్టపోయారని గుర్తించారు. సాంకేతికత దాదాపు ఒకటే. యంత్రం విఫలమైనప్పుడు నష్టం ఎవరు భరించాలన్న నిర్ణయంలోనే తేడా ఉంది. ఆంధ్రప్రదేశ్ చౌకధరల దుకాణాల్లో వేలిముద్ర పడని కార్డుదారు తరఫున గ్రామ రెవెన్యూ అధికారి ధ్రువీకరించే వెసులుబాటు ఉంచారు. ఒక విధంగా ఇది ఊరి సాక్ష్యాన్ని యంత్రంలోకి తిరిగి తీసుకురావడమే.

అయితే ఈ ఆమోదానికి మరో పార్శ్వమూ ఉంది. 2017 మేలో అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి వెలువరించిన నివేదిక నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్ల ద్వారా 13 కోట్లకు పైగా ఆధార్ సంఖ్యలు బయటపడినట్లు అంచనా వేసింది. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానివి: ఒకటి చంద్రన్న బీమా, రెండోది ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల వివరాలు. తానెవరో చెప్పిన పౌరునికి ఆ సమాచారాన్ని కాపాడే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న దీనితో ముందుకొచ్చింది.

5. న్యాయస్థానంలో పౌరుడు

ఆధార్‌ను 2012లో సుప్రీంకోర్టులో సవాలు చేసిన విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి తెలుగువారికి కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల కమిషన్ అధ్యక్షునిగా ఆయన పేరు కాపు రిజర్వేషన్ల చర్చలో తరచు వినిపించింది. ఆ వ్యాజ్యంలో 2013 సెప్టెంబరు 23న, ఆధార్ లేదన్న కారణంతో ఎవరికీ నష్టం జరగరాదని న్యాయస్థానం మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కా కాదా అన్న ప్రశ్నను 2015 ఆగస్టు 11న విస్తృత ధర్మాసనానికి నివేదించిన ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి జస్టిస్ జాస్తి చలమేశ్వర్ నాయకత్వం వహించారు. ఆయన స్వగ్రామం పెదముత్తేవి. కూచిపూడి ఉన్న మొవ్వ మండలంలోనిదే. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా ప్రకటించిన తొమ్మిదిమంది న్యాయమూర్తులలోనూ ఆయన ఒకరు.

2018 సెప్టెంబరు 26న వచ్చిన తీర్పు ఆధార్ చట్టాన్ని 4–1 ఆధిక్యంతో సమర్థించింది. సంక్షేమ పథకాలకు ఆధార్ షరతును నిలబెట్టి, ప్రైవేటు సంస్థలు ఆధార్ అడిగే వీలును కొట్టివేసింది. జస్టిస్ డి.వై. చంద్రచూడ్ చట్టమంతా రాజ్యాంగవిరుద్ధమని భిన్నాభిప్రాయం రాశారు. పౌరులు పూర్తిగా గెలవలేదు. కానీ గుర్తింపు అడిగే ప్రభుత్వం అందుకు కారణం చెప్పవలసి ఉంటుందన్న సూత్రం స్థిరపడింది.

6. 2003 నియమావళి నుంచి 2020 తీర్మానం వరకు

ఆధార్ నివాసికి ఇచ్చే సంఖ్య. పౌరసత్వానికి రుజువు కాదు. జాతీయ గుర్తింపు కార్డు మూలాలు వేరే చోట ఉన్నాయి. 2003లో పౌరసత్వ చట్టానికి చేర్చిన 14ఏ సెక్షన్, ప్రతి పౌరుని తప్పనిసరిగా నమోదు చేసి జాతీయ గుర్తింపు కార్డు ఇచ్చే అధికారాన్ని కేంద్రానికి కల్పించింది. ఆ ఏడాది డిసెంబరులో వెలువడిన నియమావళి ప్రకారం ముందు జనాభా పట్టిక, దాని నుంచి పౌర పట్టిక తయారవుతాయి. పౌరసత్వం ‘సందేహాస్పదం’ అనిపించిన వ్యక్తి పేరు పక్కన స్థానిక రిజిస్ట్రారు ఆ మాట రాయవచ్చు. అక్కడి నుంచి రుజువు బాధ్యత ఆ వ్యక్తిదే.

2010లో ఇళ్ల జాబితాతోపాటు జనాభా పట్టిక వివరాలు సేకరించినప్పుడు తెలుగునాట పెద్దగా అలజడి లేదు. 2020 కోసం రూపొందించిన నమూనాలో తల్లిదండ్రుల పుట్టినతేదీ, పుట్టినచోటు చేరడంతో పరిస్థితి మారింది. ఆ ప్రశ్న యాదృచ్ఛికమైనది కాదు. 1987 జూలై 1 తరువాత పుట్టినవారి పౌరసత్వం తల్లిదండ్రుల స్థితిపై ఆధారపడుతుంది. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక ముస్లింలలో ఆందోళన తీవ్రమైంది. పత్రాల్లేని దళితులు, సంచార జాతులు, వలస కూలీల గురించీ చర్చ సాగింది. 2020 జనవరి 4న హైదరాబాదులో భారీ ప్రదర్శన జరిగింది. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లోనూ సభలు, ఊరేగింపులు సాగాయి.

ఈ ఒత్తిడి రాష్ట్ర ప్రభుత్వాల వైఖరిలో కనిపించింది. పార్లమెంటులో సవరణ చట్టానికి మద్దతిచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ అధినేత, ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి, పౌర పట్టికను వ్యతిరేకిస్తున్నట్లు 2019 డిసెంబరు 23న కడపలో ప్రకటించారు. జనాభా పట్టికలోని ప్రశ్నలు మైనారిటీలలో అభద్రత కలిగిస్తున్నాయని 2020 మార్చిలో పేర్కొన్నారు. మార్చి 16న తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. తనకే జన్మపత్రం లేదని, ఇక తల్లిదండ్రులది ఎక్కడ తేగలనని కె. చంద్రశేఖర రావు అదే సమావేశాల్లో అడిగిన ప్రశ్న ఒక తరం మొత్తానిది. జూన్ 17న ఉపముఖ్యమంత్రి అంజాద్ బాషా ప్రతిపాదించిన తీర్మానాన్ని ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించింది. జనాభా పట్టికను 2010 నమూనాలోనే నిర్వహించాలన్నది అందులోని ప్రధానాంశం. అప్పటికే కోవిడ్ కారణంగా కేంద్రం మార్చి 25న ఆ ప్రక్రియను వాయిదా వేసింది. కాబట్టి తీర్మానమే దాన్ని ఆపిందని చెప్పలేము. దాని చారిత్రక విలువ అది వేసిన గీతలో ఉంది: నమోదుకు సమ్మతి, వంశమూలాల విచారణకు అసమ్మతి.

7. ముగింపు

ట్రాన్స్‌వాల్‌లో పత్రాలు కాల్చినవారు అంతకుముందు నమోదయ్యారు. డెల్టాలో వేలిముద్ర వేసి బియ్యం తెచ్చుకున్న రాష్ట్రమే 2020లో తీర్మానం చేసింది. ఈ రెండింటినీ అవకాశవాదంగానో అస్థిరతగానో చూడటం చారిత్రకంగా సరికాదు. నమోదు ఒక హక్కును అందించినంతవరకు పౌరులు సహకరించారు. అది అనుమానంతో మొదలై, ఆ అనుమానాన్ని తొలగించే పనిని పౌరునికే అప్పగించినప్పుడు అభ్యంతరం చెప్పారు. స్టూవర్టుపురంలో నమోదైన కుటుంబాలకు అలా అభ్యంతరం చెప్పే శాసనసభగానీ, వినే న్యాయస్థానంగానీ లేవు. గణతంత్రం తెచ్చిన మార్పు అదే.

అయితే రాష్ట్ర స్థాయి ప్రతిఘటనకు ఒక పరిమితి ఉంది. కేంద్రం ప్రశ్నలపై అభ్యంతరం చెప్పిన రాష్ట్రం, తన సొంత వెబ్‌సైట్ల నుంచి బయటపడిన ఆధార్ సంఖ్యల విషయంలో అదే ప్రమాణాన్ని తనకు వర్తింపజేసుకోవాలి. రుజువు భారం ఎవరిదన్న ప్రశ్న ఢిల్లీకి ఎంత వర్తిస్తుందో, అమరావతికీ, ఊరి సచివాలయానికీ అంతే వర్తిస్తుంది.