జర్మనీలో వేట కౌలు: పైరు నష్టం ఎవరి ఖాతాలో?

1525లో జర్మన్ రైతులు తిరగబడి, మెమ్మింగెన్ పట్టణంలో పన్నెండు కోర్కెలు రాసుకున్నారు. నాలుగోది వేట గురించి. దొరల జంతువులు పైరు మేసిపోతుంటే రైతు వాటిని తాకకూడదు, నోరెత్తకూడదు. వేట ప్రభువుది, నష్టం సేద్యగాడిది. ఆ తిరుగుబాటును నెత్తుటిలో ముంచారు. కోర్కె తీరడానికి మూడు శతాబ్దాలు దాటింది. నేటికీ అక్కడ వేట కౌలు ధర, అంటే వేటాడే హక్కుకు కట్టే సొమ్ము, న్యాయమైనదా కాదా తేల్చాలంటే, ఆ పాత ఫిర్యాదునే ముందు పెట్టుకోవాలని నా నమ్మకం.

1848 విప్లవం వేడిలో జర్మన్ రాజ్యమైన ప్రష్యా పరాయి నేల మీద వేటాడే హక్కును పరిహారం లేకుండా రద్దు చేసింది. ఎవరి పొలంలో వేట వారిదయింది. చిన్న కమతాల వాళ్లంతా తుపాకులు పట్టేసరికి జంతువులు వేగంగా తరిగిపోయాయి. 1850 మార్చి 7 నాటి చట్టం మధ్యేమార్గం చూపింది. హక్కు భూమి వెంటే ఉంటుంది. కానీ ఒక్క చెక్కగా 300 మోర్గెన్‌లు, అంటే సుమారు 75 హెక్టార్లు ఉన్నవారే సొంతంగా వేటాడుకోవచ్చు. మిగిలిన ఊరి పొలాలన్నీ ఒకే వేట ప్రాంతం. దాన్ని కౌలుకిచ్చి, వచ్చిన సొమ్మును విస్తీర్ణాన్ని బట్టి పంచుకోవాలి. ఆ 75 హెక్టార్ల గీత ఇప్పటి చట్టంలోనూ ఉంది.

అయితే 1850 చట్టం కౌలు డబ్బు ఇప్పించిందే గానీ పైరు నష్టానికి పరిహారం ఇవ్వలేదు. సగం న్యాయమే అది. ప్రష్యాలో పరిహారానికి 1891లో చట్టం వచ్చింది. 1900లో అమల్లోకి వచ్చిన పౌరస్మృతి దేశమంతటికీ ఆ బాధ్యతను చెప్పింది. 1934లో దేశమంతటికీ ఒకే వేట చట్టం, 1952లో పశ్చిమ జర్మనీ సమాఖ్య చట్టం వచ్చాయి. తూర్పు జర్మనీలో వేట ప్రభుత్వం చేతిలోకి పోయి, 1990 ఏకీకరణ తర్వాతే కౌలు పద్ధతి తిరిగొచ్చింది.

ఈనాడు ఊరి భూయజమానులు చట్టరీత్యా ఒక వేట సంఘం. కౌలు ఎవరికివ్వాలన్నది సభలో తేలుతుంది. తలల లెక్కలోనూ, భూమి లెక్కలోనూ, రెండింటా మెజారిటీ ఉండాలి. పెద్ద రైతు ఒక్కడో, చిన్నవాళ్లంతా కలిసో అవతలివాళ్లను తోసెయ్యలేరు. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది. గడువు కనీసం 9 ఏళ్లు ఉండాలన్నది సమాఖ్య చట్టంలోని సాధారణ నియమం. రెండేళ్లలో వెళ్లిపోయేవాడు దొరికినంతా కొట్టుకుపోతాడు. తొమ్మిదేళ్లు ఉండేవాడు మందను మిగుల్చుకుంటాడు.

ధర హెక్టారుకు ఇంతని మాట్లాడుకుంటారు. ఎర్రజింకలున్న అడవి అంచు, పెద్ద నగరానికి దగ్గరితనం ధరను పెంచుతాయి. తగ్గించేది అడవిపంది. చట్టం ప్రకారం నష్టపరిహారం సంఘం బాధ్యత, కానీ ఒప్పందంలో దాన్ని సాధారణంగా వేటగాడి మీదికి మళ్లిస్తారు. 2000 తర్వాత బయోగ్యాస్ కోసం మొక్కజొన్న సాగు విపరీతంగా పెరిగింది. పందికి తిండీ నీడా ఒకేచోట దొరికాయి. నష్టమంతా నాదంటే ఇంత కౌలు కట్టలేనని వేటగాళ్లు వెనక్కి తగ్గడంతో, పరిహారానికి ఏటా గరిష్ఠ పరిమితి పెట్టుకునే ఒప్పందాలు వచ్చాయి.

చిక్కు ఇక్కడే ఉంది. కౌలు డబ్బు భూయజమానికి పోతుంది. పైరు పోయేది దున్నేవాడిది. జర్మనీలో సాగుభూమిలో సగానికి పైగా కౌలుదారులే దున్నుతారు. మన కౌలు రైతును ఎరిగినవారికి దీని బరువు విప్పి చెప్పనక్కర్లేదు. నష్టం చూసిన వారంలోగా ఫిర్యాదు చేయకపోతే పరిహారమూ పోతుంది. అందుకే పరిమితి తక్కువ పెట్టి కౌలు ఎక్కువ రాబట్టిన సంఘాన్ని తెలివైనదని నేను అనలేను. ఆ అదనపు సొమ్ము భారం చివరికి అడవి పక్క పొలం దున్నేవాడి మీద పడే ప్రమాదం ఉంది.

సంఘంలో ఉండక తప్పని భూయజమానికీ ఒక దారి తెరుచుకుంది. 2012లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం, వేటను మనస్సాక్షి రీత్యా ఒప్పుకోని యజమానిని తన నేల మీద దాన్ని బలవంతాన సహించమనడం తప్పని తీర్పిచ్చింది. మరుసటి ఏడాది చట్టం మారింది. అలాంటివారు తమ నేలను వేట నుంచి తప్పించుకోవచ్చు. అయినా ఆ ప్రాంతంలో జంతువుల వల్ల కలిగే నష్టంలో వాళ్లూ వాటా భరించాలి, తమ నేల మీద జరిగిన నష్టానికి పరిహారం అడగలేరు.