గుర్రపు చిత్తం: అశ్వశాస్త్రం నుంచి నాంపల్లి జట్కా వరకు

తెలుగు సాహిత్య విద్యార్థులకు 'సాహిణి' అనే మాట భాస్కర రామాయణం ద్వారా పరిచితం. ఆ కావ్యం సాహిణి మారునికి అంకితమైంది. సాహిణి అంటే అశ్వదళాధిపతి. కాకతీయ యుగంలో గుర్రాల సంగతి తెలిసినవాడు కృతిభర్త కాగలిగినంత ప్రతిష్ఠను అందుకున్నాడన్నమాట. అయితే అతనికి తెలియవలసింది గుర్రపు విలువా, గుర్రపు మనసా? అశ్వాన్ని యుద్ధసాధనంగానూ వాణిజ్యవస్తువుగానూ చూసే చరిత్ర రచనలో ఈ ప్రశ్నకు చోటు తక్కువ. సంస్కృతాంధ్ర అశ్వశాస్త్రాలలోనూ, హైదరాబాదులోని నాంపల్లి, ఆబిడ్స్ వీధుల్లోనూ దీనికి దొరికే జవాబులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

శాలిహోత్రుని పేరుతో మొదలయ్యే అశ్వశాస్త్ర సంప్రదాయంలో నకులుని పేర ప్రచారంలో ఉన్న గ్రంథం, జయదత్తుని అశ్వవైద్యకం ముఖ్యమైనవి. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణవిలాసం రచించాడు. ఈ సంప్రదాయంలో లక్షణపరీక్షకు పెద్దపీట. పళ్లను బట్టి వయసు నిర్ణయించడం పరిశీలన మీద నిలిచిన విద్య. నేటి పశువైద్యులూ ఆ పని చేస్తారు. సుడుల విచారం అలాంటిది కాదు. ఒంటిమీద రోమాలు ఒకచోట సుడి తిరిగితే యజమానికి సంపద, మరోచోట తిరిగితే చేటు. ఇక్కడ గుర్రపు దేహం యజమాని జాతకచక్రంగా మారిపోతుంది. స్వభావం ఎంత సాధువైనదైనా అశుభమైన సుడి ఉన్న జంతువుకు ఆదరణ కరువు. ఇది గుర్రాన్ని చూడటం కాదు, గుర్రంలో తన్ను తాను చూసుకోవడం.

ఇదే శాస్త్రంలో మరో ధోరణీ ఉంది. అగ్నిపురాణంలోని అశ్వవాహనసారం అనే అధ్యాయం అందుకు మంచి ఆధారం. కఠినమైన కర్రలతో కొట్టరాదనీ, తగని చోట దెబ్బ వేయరాదనీ అది నిషేధిస్తుంది. ముళ్లు, ఎముకలు, ఇసుక, బురద, గోతులు ఉన్న నేలను పేరుపేరునా చెప్పి, అక్కడ స్వారీ పనికిరాదంటుంది. హేమంత, శిశిర, వసంతాలు స్వారీకి తగిన ఋతువులనీ, గ్రీష్మ, వర్ష, శరత్తులు కావనీ విభజిస్తుంది. వీటన్నిటికంటే గమనించదగినది అందులోని 'అచిత్తజ్ఞుడు' అనే మాట. గుర్రపు చిత్తం ఎరుగక, ఉపాయం లేక ఎక్కినవాడు వీపుమీద కూర్చున్నా, నిజానికి వాడిని తన ఇష్టానికి తీసుకుపోయేది గుర్రమేనని దాని తాత్పర్యం.

దీన్ని కరుణ అనవచ్చునా? తొందరపడకూడదు. శాస్త్రకారుని లక్ష్యం రౌతు క్షేమం, యుద్ధంలో గెలుపు. నక్షత్రబలాన్నీ ఆ అధ్యాయమే చెబుతుంది. అయినా గుర్రానికి ఒక చిత్తం ఉందనీ, తప్పు జరిగినప్పుడు ముందుగా వెదకవలసింది రౌతు అజ్ఞానంలోననీ ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దిలో గ్రీకు రచయిత జెనొఫన్ తన అశ్వారోహణ గ్రంథంలో, కోపంతో గుర్రాన్ని సమీపించవద్దనీ, బలవంతాన చేయించిన పనిని అది అర్థం చేసుకోదనీ చెప్పాడు. ఇద్దరికీ యుద్ధమే నేపథ్యం. మృదుత్వం దయ నుంచే పుడుతుందనుకోనక్కరలేదు. అనుభవం నుంచి కూడా పుడుతుంది.

ఆధునిక పరిశోధన ఈ 'చిత్తం' అనే మాటకు దేహాన్నిచ్చింది. గుర్రపు కళ్లు తలకు రెండు పక్కల ఉండటం వల్ల అది దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటికి సరిగ్గా ఎదుట, వెనుక తోకవైపున మాత్రం దానికి చూపు ఆనదు. వెనుక నుంచి చప్పుడు లేకుండా వచ్చిన మనిషిని తన్నడం దాని పొగరు కాదు, భయం. 1904లో బెర్లిన్‌లో లెక్కలు చేస్తుందని పేరుపడ్డ హాన్స్ అనే గుర్రం సంగతి మరీ ఆసక్తికరం. అది ప్రశ్న అడిగినవారి తల, ముఖాల్లోని అతిసూక్ష్మమైన కదలికలను చదివి గిట్ట తట్టడం ఆపుతోందని 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ నిరూపించాడు. మనిషి గుర్రపు చిత్తాన్ని ఎరుగునో లేదో గాని, గుర్రం మనిషిని చదువుతూనే ఉంటుంది. లగాము లాగితే అది ప్రశ్న. సరైన క్షణాన సడలిస్తే గుర్రానికి అందే జవాబు. సడలింపు ఆలస్యమైతే ఏది ఒప్పో దానికి తెలియదు.

దక్కనులో శాలిహోత్ర విద్య పారశీక అనువాదాల బాట పట్టింది. గుర్రపు వైద్యుణ్ణి ఉర్దూలో 'సాలోత్రీ' అంటారు. ముని పేరు వృత్తినామమైన తీరు భాషాశాస్త్రజ్ఞులకు ముచ్చట గొలుపుతుంది. నాంపల్లికీ బషీర్‌బాగ్‌కూ నడుమ ఉన్న ఫతే మైదాన్ ఆసఫ్‌జాహీల కాలంలో పోలో మైదానం. నిజాం సేనాధిపతి అఫ్సర్ ఉల్ ముల్క్ ఆ క్రీడలో పేరుపొందినవాడు. అక్కడి గుర్రానికి సాయిసు, మాలీసు, వేళకు దాణా ఉండేవి. 1907లో నాంపల్లి రైల్వే స్టేషన్ వచ్చాక దాని ముందు నిలిచిన జట్కా గుర్రం బతుకు వేరు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులోని ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం పేరుతో ఎదిగిన బజారుకు స్టేషన్ నుంచి దూరం తక్కువే. రోజుకు ఎన్నిసార్లు తిరిగితే అంత కిరాయి. దాని కళ్లకు కట్టిన గంతలను క్రూరత్వమని తేలికగా తేల్చలేం. బెదరకుండా అవి కాపాడతాయి. కాని పక్కచూపు పోయిన జంతువు చెవుల మీదే ఆధారపడాలి, చెవులకు బజారులో విశ్రాంతి ఉండదు.

తెలుగు జాతీయాలు ఈ సంబంధాన్ని ఎవరి వైపు నుంచి చూశాయో గమనించాలి. పగ్గాలు చేపట్టడం, కళ్లెం వేయడం, గంతలు కట్టడం అన్నీ పట్టుకున్నవాడి మాటలే. పనికిమాలిన పనికి 'గుడ్డిగుర్రానికి పళ్లు తోమడం' అని పేరు. ఉపయోగపడని గుర్రానికి చేసే సేవ ఇక్కడ హాస్యాస్పదం.

జంతుహింస నివారణ చట్టం 1960లో వచ్చింది. దాని కింద 1965లో చేసిన నియమాలు బండిలాగే జంతువుతో రోజుకు 9 గంటలకు మించీ, విరామం లేకుండా 5 గంటలకు మించీ పనిచేయించరాదన్నాయి. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతంలో మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పని నిషిద్ధం. ముళ్లున్న కళ్లేలు, కర్రలు కూడదు. పురాణంలోని గ్రీష్మనిషేధం ఇక్కడ ఉష్ణమాపకంతో తిరిగి వచ్చింది. హైదరాబాదు వేసవిలో 37 డిగ్రీలు మామూలు మాట. అంటే ఆ మూడు గంటల కిరాయి జట్కావాడు వదులుకోవాలి. దానికి బదులు ఏమిటో నియమం చెప్పలేదు. గుర్రం డొక్కలు ఎండిన చోట తోలేవాడి కడుపూ నిండి ఉండదు. కొరడాను ఒక్కడి చేతిలోనే చూడటం చరిత్రకారునికి తగదు. చివరకు జట్కాను వీధి నుంచి తప్పించింది నియమం కాదు; రిక్షా, బస్సు, ఆటో.

ఆబిడ్స్‌కు ఆనుకుని ఉన్న గోషామహల్ నగర పోలీసు అశ్వదళానికి నెలవుగా ఉంటూ వచ్చింది. గుంపులో నిలిచే గుర్రానికి చప్పుడు, పొగ, జెండాల కదలిక కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. భయపడిన రోజున ఒక మెట్టు వెనక్కి రావాలి. పెళ్లి ఊరేగింపుకు అద్దెకు తెచ్చే గుర్రానికి ఆ మెట్లు దక్కుతాయన్న హామీ లేదు. బ్యాండు, టపాకాయలు, విద్యుద్దీపాలు, వీపుమీద స్వారీ ఎరుగని వరుడు, అన్నీ ఒకే రాత్రి. 1965 నియమాల్లో వేళకు, బరువుకు, ఎండకు కొలతలున్నాయి గాని చప్పుడుకు కొలత లేదు. 2025 జనవరి 31న గోషామహల్ మైదానంలో ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు శంకుస్థాపన జరిగింది. పాత కొట్టం, అలవాటైన దారి, తెలిసిన సాయిసు గొంతు గుర్రానికి ఏమవుతాయన్నది అటువంటి మార్పులప్పుడు పశువైద్యులనూ సాయిసులనూ కూర్చోబెట్టి అడగవలసిన సంగతి.