పాచికలు నడిపిన చదరంగం

1030 ప్రాంతంలో అల్ బెరూనీ హిందూదేశం గురించి పుస్తకం రాస్తూ, తనవాళ్లకు తెలియని ఒక ఆటను పనిగట్టుకుని వర్ణించాడు. అది నలుగురు ఆడే చదరంగం. ఏ పావు కదలాలో పాచికలే చెబుతాయి.

64 గళ్ల బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరికి రాజు, ఏనుగు, గుర్రం, రుఖ్ అనే పావు, నాలుగు బంట్లు. మంత్రి లేడు. రెండు పాచికలు వేస్తారు. 1 పడితే రాజు లేదా బంటు, 2కి రుఖ్, 3కి గుర్రం, 4కి ఏనుగు కదులుతాయి. 5 పడితే 1గా, 6 పడితే 4గా లెక్క. ఏనుగు ఇప్పుడు మనం ఆడే ఏనుగులాగే నేరుగా పోతుంది. రుఖ్ మాత్రం ఐమూలగా మూడో గడికే వెళ్లగలదు, పాపం చాలా బలహీనం. రాజును కూడా మిగతా పావుల్లాగే చంపవచ్చు. ప్రమాదంలో ఉన్నా అతను తప్పుకోవాలన్న నిర్బంధం లేదు.

ఇది పందెపు ఆట. చంపిన పావుకు విలువ కట్టి పందెంలో వాటా పంచుతారు: రాజుకు 5, ఏనుగుకు 4, గుర్రానికి 3, రుఖ్‌కు 2, బంటుకు 1. తన రాజును పోగొట్టుకున్నవాడు ముగ్గురు రాజులను పట్టినా 15తో సరి. తన రాజును కాపాడుకుంటూ ముగ్గురినీ పడితే ఏకంగా 54! ఆ అంకెకు గణితసూత్రం ఏదీ లేదనీ, అందరూ ఒప్పుకున్న లెక్క అనీ బెరూనీయే రాశాడు. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ నియమమే. పాచిక ఎలా పడినా, రాజును దాచుకునే తెలివి ఆటగాడిదే.

బెంగాల్‌కు చెందిన రఘునందనుడు తిథితత్త్వం అనే గ్రంథంలో కోజాగరీ పూర్ణిమ జాగరణ సందర్భంగా ఈ ఆటను చెప్పాడు. వ్యాసుడు ధర్మరాజుకు నేర్పినట్టు ఉంటుందది. అక్కడ రుఖ్ స్థానంలో నౌక ఉంది. పరరాజు గడిని తన రాజు ఆక్రమిస్తే సింహాసనం. ఎదుటి రాజులందరినీ పడితే చతూరాజి.

వ్యాసుడి పేరు చూసే కాబోలు, హైరమ్ కాక్స్, ఆ తర్వాత 1860లో డంకన్ ఫోర్బ్స్, చదరంగానికి ఈ పాచికలాటే తల్లి అని వాదించారు. ఫోర్బ్స్ అయితే దాని వయసును 5,000 ఏళ్లకు తీసుకుపోయాడు. ఆ వాదన నిలవలేదు. ఏడో శతాబ్దంలో బాణుడి హర్షచరిత్రలోనే చతురంగం ప్రస్తావన ఉంది. కానీ నలుగురాటకు మనకు దొరికిన స్పష్టమైన వర్ణనల్లో బెరూనీదే పాతది. 1913లో చదరంగ చరిత్ర రాసిన హెచ్.జె.ఆర్. మర్రే కూడా ఫోర్బ్స్ మాటను తోసిపుచ్చాడు. తల్లి కాకపోయినంత మాత్రాన ఈ ఆట విలువ తగ్గదు.

మీ ఇంట్లో రెండు చదరంగం సెట్లు, రెండు పాచికలు ఉంటే చాలు. పావులకు నాలుగు రంగులు పూయండి. పందెం డబ్బులు పక్కన పెట్టి, పిల్లలతో కూర్చుని ఒక్కసారి ఆడి చూడండి.